వెంగి చీటీలో సున్నా

మార్చి 3, సోమవారం

విచారణ అయ్యగారికి. ముందుగా మన్నించాలి. నా రాత కోడి గెలికినట్టు ఉంటుంది. ఒత్తులు పెట్టాల్సిన చోట పెట్టను, అక్కర్లేని చోట పెడతాను. ఊళ్ళో అయిదో తరగతి దాకా చదివాను. ఆ ఊరు ఇప్పుడు నీళ్ళ కింద ఉంది, బడి కూడా. పూస మీద అనుమానం ఉన్నవాళ్ళు నెల రోజులు కాగితం మీద రాసి పెట్టెలో వేయాలని పూసల ఆఫీసు గోడ మీద ఉంది. అందుకని రాస్తున్నాను. నోటితో చెప్పమంటే నా వల్ల అయ్యేది కాదు.

నా పేరు చెంచయ్య. డెబ్బై రెండేళ్ళు. గుట్ట మీద మూడో వరసలో ఉప్పు మళ్ళు చూస్తాను. సముద్రపు నీళ్ళు గొట్టాల్లో పైకి వస్తాయి. ఎండకు ఉప్పు తేలుతుంది. ఇంట్లో ఉండేది నేను, నా మనవరాలు వెంగి. దాని తల్లి మస్తానమ్మ నా కూతురు. సముద్రపు గోడ మీద పని చేస్తుంది. పదహారు రోజులు అక్కడ, రెండు రోజులు ఇంట్లో. గోడ తెగిన ఏడు అల్లుడు పోయాడు.

ఏప్రిల్ ఇరవైకి వెంగికి ఆరేళ్ళు నిండుతాయి. అందరు పిల్లలకు ఉన్నట్టే చెవి వెనక జ్ఞాపకాలు పట్టి ఉంచే పూస ఉంది. ఆరు నిండేలోగా ఇంటివాళ్ళతో, దగ్గరివాళ్ళతో గడిపిన జ్ఞాపకాలు నలభై అందులో నిలవాలి. నిలవకపోతే పిల్లను పై గుట్టలో పిల్లల నిలయానికి తీసుకుపోతారు. నెలకు ఒకసారి చూడనిస్తారు. పోయిన వేసవిలో మా వెనక వీధిలో ఒక పిల్లను తీసుకుపోయారు. ఆ తల్లి ఇప్పటికీ రెండు కంచాలు కడుగుతుంది.

నా అనుమానం ఇది. నిన్న అన్నం తింటూ వెంగి అంది.

"తాతా, తాటి దోనెలో నన్ను కూకోబెట్టి తోసుకుంటా పోయినావు గదా. నీళ్ళు నీ గొంతు దాకా వచ్చినై. ఏడవమాక, ఏడవమాక అంటా నువ్వే ఏడ్చినావు."

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఈ గుట్ట మీద తాటిచెట్టు లేదు. వెంగి దోనె మొహం ఎరగదు. అది జరిగిన మాట నిజమే. ముప్పయ్యొక్క ఏళ్ళ కిందట, సముద్రం ఊళ్ళోకి వచ్చిన నాడు. దోనెలో కూర్చున్నది మస్తానమ్మ. అప్పుడు దానికి అయిదేళ్ళు. నేను ఏడ్చిన సంగతి ఈ లోకంలో ఎవరికీ చెప్పలేదు.

మార్చి 4, మంగళవారం

పక్కింటి అంకమ్మ వదినను అడిగాను. నేను మళ్ళ దగ్గర ఉన్నప్పుడు వెంగి ఒక్కోసారి ఆమె దగ్గర ఆడుకుంటుంది.

"దోనె కత నువ్వేమన్నా చెప్పినావా పిల్లకి?"

"నీ నోట్లో నించి ఇన్ని మాటలు ఒక్కసారే రావడం ఇదే చూడ్డం మరిదీ. ఇయ్యాల వాన పడుద్ది, వడియాలు ఎత్తుకోవాల."

"చెప్పినావా లేదా?"

"నాకేం తెలుసు నీ దోనె సంగతి? నువ్వు చెప్తే గదా నాకు తెలిసేది! మా ఆయన పోయిన రోజు గూడా నువ్వొచ్చి గంటసేపు నిలబడి పోయినావు, అయ్యో అని ఒక్క మాట అన్నావా?"

నిజమే. నిలబడ్డాను. అంతే చేతనయింది.

ఆమె చెప్పలేదు. ఆమె అబద్ధమాడితే కళ్ళు ఆర్పుతుంది. ఆర్పలేదు.

మార్చి 6, గురువారం

ఈ రోజు పొద్దున వెంగికి ఒక వల వేశాను.

ముందు ఒక సంగతి చెప్పాలి. మూడేళ్ళుగా రోజూ తెల్లవారుతుండగా వెంగి నాతో మడికి వస్తుంది. గట్టు మీద కూర్చుంటుంది. నీళ్ళ మీద పల్చటి తెరలా ఉప్పు పువ్వు కట్టే వేళకు ఇద్దరం గమ్మున ఉంటాం. పువ్వు కట్టేటప్పుడు మాట పడితే మడి విరుగుతుందని, ఉప్పు కట్టదని మా ఉప్పు వాళ్ళలో కట్టడి. మా తాత, మా నాయన అట్లాగే ఉన్నారు. నేనూ అంతే. ఏదైనా కావాలంటే వేళ్ళతో సైగ. ఎండ గట్టెక్కే దాకా అలా ఉంటాం. అంతకన్నా మంచి వేళ నా రోజులో ఇంకొకటి లేదు.

పువ్వు కట్టాక ఇంటికి నడుస్తూ అడిగాను.

"దోనెలో నీ పక్కన మేకపిల్ల ఉండె గదా?"

"మేక కాదు తాతా, కోడి. బుట్ట కింద. అది గుడ్డు గూడా పెట్టింది. అవ్వ కొంగులో కట్టుకునింది."

అది కోడే. గుడ్డు పెట్టింది. కొంగులో కట్టుకున్నది నా భార్య రమణమ్మ. వెంగి పుట్టడానికి ఏడేళ్ళ ముందే పోయింది.

గోడ మీద పనిచేసేవాళ్ళకు కూడా పూసలు పెట్టారు. సైరన్ వినపడాలని పెట్టామన్నారు. ఆ పూస ద్వారా నా కూతురి తలలోంచి తోడుతున్నారని నా అనుమానం. తోడి ఈ పిల్లకు పోస్తున్నారు. ఎందుకో తెలియదు.

మార్చి 11, మంగళవారం

మస్తానమ్మ వచ్చింది. మొహం ఎండకు నల్లబడింది. వచ్చీ రాగానే పడుకుంది. సాయంత్రం లేచి వెంగికి తల దువ్వుతుంటే మెల్లగా అడిగాను.

"దోనె గుర్తుందా అమ్మా?"

"ఏ దోనె నాయనా?"

"నీళ్ళొచ్చిన రోజు."

"నీళ్ళొచ్చిన రోజు మనం లారీలో గదా వచ్చింది?"

"లారీ ఎక్కింది మర్నాడు. అంతకు ముందు?"

దువ్వెన ఆగింది. చెవి వెనక వేలితో రుద్దుకుంది.

"ఏమో నాయనా. చిన్నదాన్ని గదా."

పోయిన ఏడు ఈ దోనె సంగతి మస్తానమ్మే వెంగికి చెప్పబోయి, నేను సిగ్గుపడి లేచిపోతే, నవ్వి ఆపేసింది. ఇప్పుడు ఏ దోనె అంటున్నది.

ఇంకో రెండు అడిగాను. మీ అమ్మ నీకు చెవులు కుట్టించి వేపపుల్లలు పెట్టిన రోజు? అది చెప్పింది. జ్వరంతో ఉన్నప్పుడు నేను నిన్ను భుజాన వేసుకుని ఆస్పత్రికి నడిచిన రోజు? దానికి నా మొహం వంక చూసింది. బజారులో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"ఏంది నాయనా, పోలీసోడి మాదిరి ఒకటే అడగతా ఉండావు? ఎన్నడూ లేంది!"

నవ్వింది. నవ్వుతూ పొయ్యి దగ్గరకు వెళ్ళిపోయింది. పొయ్యి మీద ఏమీ లేదు.

మార్చి 14, శుక్రవారం

పూసల ఆఫీసుకు పోయాను. గుమ్మం దగ్గర మూడుసార్లు వెనక్కి తిరిగాను. నాలుగోసారి లోపలికి పోయాను. అక్కడ శాంభవి అని ఒక అమ్మాయి కూర్చుంటుంది. వెంగి పూసలో ఎన్ని నిలిచాయో చూపే చీటీ అడిగాను. వచ్చింది. మళ్ళీ తీయమన్నాను.

"ఎందుకు పెద్దాయనా? ఇచ్చినా గదా."

"రెండోసారి గూడా అవే అంకెలు వస్తాయేమో చూద్దామని."

అవే వచ్చాయి. ముప్పయి ఏడు. తండ్రితో మూడు. తల్లితో ఇరవై. అంకమ్మతో ఒకటి. తల్లి ఇచ్చినవి పదమూడు. తాతతో సున్నా.

ముందు పదమూడు గురించి అడిగాను.

"ఇచ్చినవి అంటే ఏంది?"

"ఆమె చిన్నప్పటివి పెద్దాయనా. పిల్లకు తక్కువ పడితే ఇంట్లోవాళ్ళు ఇయ్యొచ్చు, చెల్లుతాయి. సంతకం పెట్టే ఇచ్చింది."

"దొంగతనం కాదా?"

"దొంగతనమేంది? ఇదో సంతకం."

మస్తానమ్మ సంతకమే. మ కింద తోక నేను నేర్పిందే.

"ఇస్తే ఆమె దగ్గర ఉండవా?"

"కడవలో నీళ్ళు చెంబులో పోస్తే, ఆ నీళ్ళు కడవలో ఉంటాయా?"

బల్ల మీద కూర్చున్నాను. నావి తీసుకోండి అన్నాను. అరవై దాటినవాళ్ళకు పూస పట్టదట.

తరవాత సున్నా గురించి అడిగాను. "రోజూ పొద్దున్నే పిల్ల నా దగ్గరే ఉంటది. మూడేళ్ళు."

శాంభవి తెర మీద వెతికింది.

"మీరు మాట్లాడుకోరా?"

"అప్పుడు మాట్లాడకూడదమ్మా. పువ్వు కట్టే వేళ."

"అదీ సంగతి. మాట వినపడితేనే పూస పట్టుకుంటది. మాట లేని సమయాన్ని నిద్ర కింద రాసుకుంటది."

మూడేళ్ళ పొద్దులు. నిద్ర కింద.

ఆమె ఇంకో రెండు ముక్కలు చెప్పింది. ఈ కాగితాలు పెట్టెలో వేస్తే విచారణ అయ్యేదాకా ఇచ్చిన పదమూడూ ఆపేస్తారట. ఇరవై నాలుగే మిగులుతాయి. విచారణకు ఆరు నెలలు పడుతుంది. పిల్లను మాత్రం ఏప్రిల్ ఇరవైకే తీసుకుపోతారు. రెండోది, మిగతా మూడూ ఏప్రిల్ పదిన గోడ దగ్గరి ఆఫీసులో ఇస్తానని మస్తానమ్మ ముందే పేరు రాయించుకుంది.

ఆ అమ్మాయి నవ్వు మంచిదే. అయినా మంచి నవ్వును నేను అంత తొందరగా నమ్మను.

విచారణ అయ్యగారూ, ఈ కాగితాలు మీకు వేస్తానో లేదో తెలియదు. రాయడం మాత్రం ఆపను. రాస్తేనే నాకు ఆలోచన వరసగా వస్తున్నది.

మార్చి 17, సోమవారం

వెంగితో మాట్లాడాలని నిర్ణయించుకున్నాను. మడి దగ్గర కాదు, ఇంటి దగ్గర. రోజుకు అయిదు మాటలన్నా.

"ఇది ఉప్పు," అన్నాను.

"తెలుసు తాతా."

"అది పార."

"తెలుసు తాతా."

ఇంకేమీ తోచలేదు. ఆకాశం చూపించాను. వెంగి దగ్గరకు వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

"తాతా, నీకు ఒంట్లో బాగలేదా? అంకమ్మవ్వని పిలుచుకు రానా?"

మార్చి 24, సోమవారం

వారం మాట్లాడాను. గొంతు రాచుకుపోయింది. చీటీ తీయిస్తే తాతతో సున్నా.

"పిల్ల మనసుకు పట్టాల పెద్దాయనా," అంది శాంభవి. "పాఠం చెప్తే నిలవదు. మీకు గూడా పట్టాల."

అది ఎట్లా పట్టించాలో ఆమె చెప్పలేదు. ఆమెకూ తెలియదేమో.

మార్చి 29, శనివారం

మస్తానమ్మ వచ్చింది. వెంగిని అంకమ్మ వదిన ఇంటికి పంపి చీటీ ముందు పెట్టాను. చాలాసేపు చూసింది.

"తెలిసిపోయిందా," అంది.

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఒప్పుకుంటావా? నలభై కాకపోతే పిల్లని ఎత్తకపోతారు నాయనా. పదహారు రోజులకి రెండు రోజులు వస్తాను. అందులో ఒక రోజు నిద్ర. నేను యాడ నించి తెచ్చేది జ్ఞాపకాలు? నా దగ్గర ఉన్నవే ఇచ్చినాను."

"ఏమేం ఇచ్చినావు?"

"ఏమిచ్చినానో తెలిస్తే ఇచ్చినట్టు ఎట్టవుద్ది? నొప్పేం లేదులే. పన్ను ఊడినట్టు గూడా లేదు."

నొప్పి దానికి లేదు. జ్వరం రోజు ఆస్పత్రి దారిలో నేను పాడిన పాట కూడా ఇప్పుడు దానికి లేదు. నేను పాడినది జన్మలో అదొక్కసారే. ఆ పాట ఇప్పుడు వెంగి పాడుతున్నది. అదంతా చెబుదామని నోరు తెరిచాను. రాలేదు.

"పదో తేదీన ఏమిస్తావు?" అని మాత్రం అడిగాను.

తల వంచుకుంది. "గట్టిగా ఉన్నవే పిల్లకు నిలుస్తాయంట. నా దగ్గర ఇంక గట్టివి అమ్మవే ఉండాయి."

"అమ్మని ఇచ్చేస్తావా?"

"అమ్మ పోయింది నాయనా. వెంగి ఉండాది."

ఇవ్వొద్దమ్మా అన్నాను. మళ్ళీ అన్నాను. అప్పుడు అది గట్టిగానే అంది.

"నీ పేరు పక్కన సున్నా ఎందుకుండాది? మూడేళ్ళ నించి పిల్ల నీ కాడే గదా! పొద్దస్తమానం పక్కన కూకోబెట్టుకున్నావే, ఒక్క రోజన్నా నోరు తెరిచి మాట్లాడినావా దాంతో? నాతో మాట్లాడినావా?"

పొయ్యిలో పుల్లలు సర్దాను. అది దగ్గరకు వచ్చి నా భుజం పట్టుకుంది.

"సరేలే నాయనా. పోనులే. పదో తేదీన పోను."

నన్ను చూసి అనలేదు. చీపురు వంక చూసి అంది.

ఏప్రిల్ 2, బుధవారం

ఈ రోజు జరిగింది జరిగినట్టు రాస్తాను.

తెల్లవారింది. గాలి లేదు. నీళ్ళ మీద పువ్వు మీగడలా కడుతున్నది. వెంగి గట్టు మీద, నేను మడి అంచున. ఇద్దరం గమ్మున ఉన్నాం. గొట్టం నోట్లోంచి ఒక ఎండ్రకాయ జారి పడింది. సముద్రం నుంచి ఇంత పైకి ఎట్లా వచ్చిందో. వచ్చి నా పువ్వు మీద అడ్డంగా, తన సొంత పొలంలా నడుస్తున్నది.

"ఒసే! ఒసే దొంగముండా! నీ కాళ్ళిరగ! నా మడి!"

నేనే అరిచాను. పార పట్టుకుని పరిగెత్తాను. అది కుడికి, నేను ఎడమకు. కాలు జారి ఉప్పు నీళ్ళలో వెల్లకిలా పడ్డాను. ఎండ్రకాయ నా పంచె పట్టుకుంది. వదలదు.

వెంగి నోరు రెండు చేతులతో మూసుకుంది. కట్టడి గదా. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి. ఇక ఆగలేక పగలబడి నవ్వింది.

"తాతా, అది నీ పంచె ఊడదీస్తా ఉంది!"

"నవ్వమాక! పట్టుకో దాన్ని!"

"నేను పట్టుకోను, నువ్వే తిట్టు! ఇంకా తిట్టు తాతా! నీ కాళ్ళిరగ అను!"

ఇంకా తిట్టాను. మా నాయన తిట్లు, మా అవ్వ తిట్లు, ఊళ్ళో పడవల వాళ్ళ తిట్లు, డెబ్బై ఏళ్ళుగా లోపల పడి ఉన్నవన్నీ వచ్చాయి. తిట్టుతూ నేనూ నవ్వాను. తరవాత గట్టు మీద తడి బట్టలతో కూర్చుని ఎండ్రకాయలు పట్టడం ఎట్లాగో చెప్పాను. నా చిన్నప్పుడు ఒకటి మా మేనమామ ముక్కు పట్టుకున్న సంగతి చెప్పాను. ఎండ గట్టెక్కింది. మేం ఇంకా మాట్లాడుతున్నాం.

అప్పుడు మడి చూశాను. ఎండ్రకాయ నడిచిన దారి, నేను పడ్డ చోటు తప్ప, మిగతా మడి అంతా పువ్వు కట్టింది. రోజూ కట్టినట్టే కట్టింది. ఒక్క పలుకు తక్కువ లేదు.

అప్పటి నుంచి నాకొక అనుమానం. మాట పడితే మడి విరుగుతుందని మా నాయనకు ఎవరు చెప్పారు? వాళ్ళ నాయన. ఆయనకు? ఎవరన్నా ఒక్కరు మాట్లాడి చూశారా? లేక వాళ్ళకూ నాకు మల్లేనే పిల్లల ముందు నోరు పెగలక, ఆ నెపం ఉప్పు మీద పెట్టారా?

మా నాయన నాతో మాట్లాడినవి ఎన్ని అని లెక్కపెట్టుకున్నాను. ఒక చేతి వేళ్ళు చాలాయి.

ఏప్రిల్ 5, శనివారం

చీటీ తీయించాను. రెండుసార్లు. తాతతో ఒకటి. మొత్తం ముప్పయి ఎనిమిది.

శాంభవి చప్పట్లు కొట్టింది. నాకు సిగ్గేసి బయటికి వచ్చేశాను. మళ్ళీ లోపలికి పోయి ఒక సంగతి అడిగాను. తల్లి ఇవ్వాలంటే పదో తేదీనే ఇవ్వాలా? కాదట. పద్దెనిమిది దాకా ఇవ్వొచ్చట, ఈ ఆఫీసులోనే. కాగితం మీద రాసి సంతకం పెట్టమన్నాను. పెట్టింది. "ఇంత అనుమానమేంది పెద్దాయనా!" అని నవ్వింది.

ఇంటికి వస్తూ వెంగికి నిజం చెప్పాను. దోనెలో కూర్చున్నది నువ్వు కాదు, మీ అమ్మ అని. అది నడక ఆపేసింది.

"అయితే అది నాది కాదా?"

"మీ అమ్మ నీకిచ్చింది."

"అమ్మ దగ్గర ఇంకోటి ఉండాదా?"

"లేదు."

"అయ్యో, ఉన్నది ఒకటే గదా తాతా! తిరిగి ఇచ్చేద్దాం."

"ఇవ్వడం కుదరదంట."

ఇల్లు చేరేదాకా ఆలోచించింది. తరవాత అంది, "అయితే అమ్మ వచ్చినాక నేను చెప్తా. కోడి దగ్గర నేను చెప్తా, నువ్వు ఏడ్చినకాడ నువ్వు చెప్పాల."

సరే అన్నాను.

ఏప్రిల్ 7, సోమవారం

అమ్మా మస్తానీ. విచారణ అయ్యగారికి అని మొదలుపెట్టాను గాని, ఈ కాగితాలు పెట్టెలో వేయడం లేదు. నీకే పంపుతున్నాను. రేపు పొద్దున ఉప్పు లారీ గోడకు వస్తుంది. డ్రైవర్ నీ చేతికే ఇస్తానన్నాడు. ఇంకెవరికీ ఇవ్వనని ఒట్టు వేయించుకున్నాను.

నువ్వు నాతో గట్టిగా మాట్లాడావని నాకు కోపం లేదు. నువ్వు అడిగింది న్యాయం. నీతో మాట్లాడలేదు. నీ పక్కన ఉన్నాను, అదే చాలనుకున్నాను. చాలదని ఎవరూ చెప్పలేదు.

కానీ పోను అన్నావే, ఆ మాట నేను నమ్మలేదు. నిన్ను పెంచినవాణ్ణి. పదో తేదీ పొద్దున నువ్వు సంతకం పెడతావని నా అనుమానం. పెట్టొద్దమ్మా. ఇంకా రెండే తక్కువ. పదమూడు రోజులున్నాయి. నేను మాట్లాడుతున్నాను. నిన్న అంకమ్మ వదిన కూడా వచ్చి, చెవులు నొప్పి పెడుతున్నాయి, ఇక ఆపు మరిదీ అంది. పదహారున నువ్వు వస్తావు. ముగ్గురం పొద్దున్నే మడికి పోదాం. చీటీ చూద్దాం. అప్పటికీ నిండకపోతే పదిహేడున నేనే నీ వెంట ఆఫీసుకు వస్తాను, అడ్డం చెప్పను. శాంభవి సంతకం కాగితం దీనితో పెట్టాను, చూసుకో.

నువ్వు ఇచ్చిన పదమూడులో ఏమేం ఉన్నాయో నాకు అన్నీ తెలియవు. తెలిసినవి చెబుతాను, పాట కూడా. మీ అమ్మ సంగతి మాత్రం నేను ఒక్కణ్ణే చెప్పలేను. నాకు పూస లేదు. ఇప్పుడు మీ అమ్మ ఉన్నది నా తలలో, నీ తలలో. నీ తలలోంచి తీసేస్తే, నేను పోయిన రోజున ఆమె కూడా నాతో పోతుంది. వెంగికి మిగిలేది ఎవరిదో తెలియని కొంగు.

లారీ అక్కడ తొమ్మిదో తేదీ సాయంత్రం దాకా ఉంటుంది. నోటి మాట పంపొద్దు, నేను నమ్మను. పోవడం లేదు అని నీ చేత్తో రాసి, కింద సంతకం పెట్టి, డ్రైవర్ చేతికి ఇవ్వు. పెద్ద ఉత్తరం అక్కర్లేదు, ఆ ఒక్క ముక్క చాలు. చదివిన వెంటనే రాయి తల్లీ. తొమ్మిదో తేదీ రాత్రి లారీ తిరిగి వచ్చేదాకా నేను రోడ్డు మీదే ఉంటాను.

మీ నాయన,
చెంచయ్య